నాలుగు డిగ్రీలు

గోడకు కొత్త తెర పెట్టినంక
కల్వకుర్తి చిల్లింగ్ సెంటర్ల
ఎండకాలం రాలే.

బయట రేకుల మీద కాకి కాలు నిలవది.
లోపల పద్నాలుగు ఊర్లు, పద్నాలుగు పచ్చ చుక్కలు.
వెల్దండ నాలుగు డిగ్రీలు, చారకొండ నాలుగు,
తలకొండపల్లి నాలుగు,
రాత్రంత కరెంటు లేని ఊర్కొండ గూడ
నిమ్మళంగ నాలుగు.

హైదరాబాదుకెల్లి వచ్చిన పిలగాడు
మూడు రోజులు నేర్పిండు:
ఈడ నొక్కితే నెల, ఈడ నొక్కితే సంవత్సరం,
ఈడ నొక్కితే ఆవు పాలు వేరు, బర్రె పాలు వేరు.
బోర్డు మీటింగుల అందరు చప్పట్లు కొట్టిండ్రు.
ఆ పూట మిరపకాయ బజ్జీలు పన్నెండు ప్లేట్లు,
ఆ లెక్క తెర మీదికెక్కలే,
నా నోటుబుక్కులనే ఉంది.

నా పేరు షాహీనా. కంప్యూటర్ ఆపరేటర్‌ని.
అంకెలు నా వేళ్ల మీదికెల్లి పోతయి,
సంత నాడు గొర్లు పోయినట్టు.
ఏడికి పోతున్నవని
నేను అడగలే. నన్నెవరు అడగలే.

ఓ బేస్తవారం మూడు వేల లీటర్లు విరిగినయి.
ట్యాంకరు మూత తీసిన జంగయ్య
మొకం పక్కకు తిప్పుకుండు.
తెర పచ్చగనే ఉంది.

బుచ్చయ్య సారు దాని ముందల శానసేపు నిలబడ్డడు.
చెయిర్మన్ గాకముందు క్యాన్లు మోసినోడు,
ఎడమ భుజం ఇప్పటికీ జెర వంగే ఉంటది.
"తప్పెవరిది" అంటడనుకున్న.
ఎవరి పేరు చెప్పాల్నో గూడ
మనసుల ఎతుక్కుంటున్న, అబద్ధమెందుకు.
"షాహీనా, ఈ నాలుగు రాసేదెవరు?" అన్నడు.

తెల్లారి ఐదింటికి జీపుల చారకొండ.
ఈదమ్మ కొంగుతోని క్యాన్ అంచు తుడుస్తున్నది.
థర్మామీటరేదమ్మా అంటే
గూట్లకెల్లి తీసి సారు అరచేతుల పెట్టింది:
సగం గాజు పుల్ల,
పిట్ట బొక్క లెక్క అల్కగ.

"దసరకు పలిగింది సారు.
రెండుసార్లు రాసి పంపిన.
డబ్బ ఖాళీగుంటే మిషను ముంగలికి పోనియ్యది.
ఐదేస్తే ఫోనొస్తది, పైసలు కోస్తరు.
నాలుగేస్తే ఊకుంటది."
జెరసేపాగి మల్ల అన్నది:
"పాలెట్లున్నయో ఏలు పెడితే నాకెర్కైతది.
ఏలుకు డబ్బ లేదు గద మీ మిషన్ల."

సారు నవ్వలే. కోపానికి రాలే.
బోర్లించిన క్యాన్ మీద కూసొని
ఊరూరికి ఫోన్ చేయించిండు నాతోని.
పద్నాలుగు ఊర్లల్ల
పనిచేసే థర్మామీటర్లు ఐదు.

ఆ వారం తీర్మానం రాసినం:
ఎక్కువ డిగ్రీ రాసినందుకు కోత లేదు.
ఇద్దరు మెంబర్లు సంతకం పెట్టకుండ లేచిపోయిండ్రు.
తెరల ఇంకో గడి పెట్టుమన్నడు సారు,
"తెల్వదు" అని.
హైదరాబాదు పిలగాడు ఫోన్ల మొత్తుకున్నడు:
"సార్, అట్లయితే డేటా ఖరాబైతది!"
"ఖరాబై శాన దినాలైంది బిడ్డా,
ఇగ కండ్లకు కనవడ్తది."

రోహిణి కార్తె మొదలైన నాడు
తెర తెరిస్తే నా గుండె దడదడలాడింది.
ఏడు ఎర్రవి. మూడు బూడిద రంగువి.
పచ్చవి నాలుగే.
ఊర్కొండ పదకొండు డిగ్రీలు.
ఎండకాలం లోపలికొచ్చి కుర్చీల కూసున్నట్టుంది.
సారు చాయ తెప్పించి
ఐసు బండి ముందుగాల ఊర్కొండకు తోలుమన్నడు.
పచ్చ చుక్కల దినాలల్ల
ఏ బండి ఏ ఊరికని
ఒక్కసారన్న మాట్లాడుకున్నమా?

చారకొండకు కొత్త థర్మామీటరు చేరింది.
ఆరున్నర రాసి, పక్కనున్న ఖాళీ జాగల
ఈదమ్మ తన మనవనితోని టైపు చేయించింది:
"ఏలుకు గూడ గట్లనే అనిపిస్తుంది."

మిగిలిన పచ్చవాట్ల
రెండు ఊర్లు మాత్రం
పొద్దుమాపు, ఎండైనా వానైనా,
ఇంకా సరిగ్గ నాలుగే రాస్తున్నయి.

రేపు ఐదింటికి
జీపు తయారుంచమని
జంగయ్యకు చెప్పిన.